పాత బెల్లం రంగు

మా కొట్లో మ్యాచింగ్ చూపించే పద్ధతి ఒకటుంది. చీర తెచ్చిన మనిషి కొంగు తీసి కౌంటర్ మీద పరుస్తుంది. నేను రాక్‌లోంచి నాలుగైదు జాకెట్టు ముక్కలు లాగి, వాటిని కొంగు పక్కన పెట్టను. ముందు నా ముంజేతి మీద వేసుకుంటాను. ఆ చేతిని ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపిస్తాను. "జాకెట్టు తొడుక్కునేది చీర కాదమ్మా, నువ్వు. ముందు ఒంటికి కలవాలి, తర్వాత చీరకి," అని నా వాదన. ఈ వాదనతో చీర యజమానురాళ్లతో నేను పెట్టుకున్న పేచీలకు లెక్కలేదు.

నరసరావుపేట గుడ్డల బజారులో ఒక సందు. ఆ సందులో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. కత్తెర మా ఆయనది, నోరు నాది. రాణి రంగుకూ ముదురు రాణికీ, రామా గ్రీన్‌కూ బాటిల్ గ్రీన్‌కూ తేడా తెలియక తికమకపడే మనిషిని చూస్తే నాకు చిరాకు. మా ఆయనకు వంకాయ రంగు, వక్క రంగు ఒకటే. అలాంటి మనిషితో నేను ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను, అది వేరే సంగతి.

నా ఒళ్లు అప్పట్లో గోధుమ రంగు. తెలుపూ కాదు, చామనఛాయా కాదు, మధ్యస్థం. అందుకని వచ్చిన వాళ్లంతా నా చేతి మీది గుడ్డను చూసి, తమ ఒంటి మీద ఎలా ఉంటుందో కాస్త అటూ ఇటూగా ఊహించుకోగలిగేవారు. "మా ఆవిడ చెయ్యి మా కొట్టుకు షోకేసు," అని మా ఆయన వచ్చిన వాళ్లకల్లా చెప్పేవాడు. నేను పైకి కసురుకునేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని.

అలాంటి చేతికి రంగు మారింది.

దగ్గుతో మొదలైంది. మిరపకాయల సీజన్లో మా ఊళ్లో దగ్గని మనిషి ఎవరు? లారీ వెళితే దగ్గు, బస్తా దింపితే దగ్గు. నేనూ అలాగే అనుకున్నాను. కాయల సీజన్ అయిపోయినా నా దగ్గు అయిపోలేదు. జాకెట్లు వదులయ్యాయి. చివరికి డాక్టరు టీబీ అన్నాడు. దానికి మామూలుగా వేసే బిళ్ళలు నా మీద పని చెయ్యలేదు. మళ్లీ పరీక్షలు చేసి, ఇది ఆ మందులకు లొంగని రకమని తేల్చి, వేరే బిళ్ళలు మొదలుపెట్టారు. గుప్పెడు ఉండేవి. అన్నం కంటే ముందు వాటితోనే కడుపు నిండేది.

కళ్లె పరీక్షలు శుభ్రంగా వచ్చేదాకా నన్ను ఇంట్లోనే ఉంచారు. తర్వాత డాక్టరే, "ఇక నీ వల్ల ఎవరికీ అంటదమ్మా, కొట్లో కూర్చో, బిళ్ళలు మాత్రం ఒక్కటీ మానకు," అన్నాడు. అంటదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. బజారుకు ఎవరు చెప్పాలి? మాది మనిషికి మనిషి ఆనుకుని నిలబడే కొట్టు. గుడ్డను నా చేతి మీద వేసి, అదే గుడ్డను వాళ్ల మెడ దగ్గర పెట్టి చూపిస్తాను. టీబీ అన్న మాట ఆ సందులో పడిందంటే మర్నాటి నుంచి మేం షట్టరు ఎత్తక్కర్లేదు. అందుకని నేనూ మా ఆయనా కూడబలుక్కుని అందరికీ ఒకే మాట చెప్పాం. నిమ్ము చేసింది, తగ్గింది. నిమ్ము అంటే ఎవరూ భయపడరు. "కషాయం తాగు," అని ఊరుకుంటారు.

కొట్లోకి వచ్చిన కొత్తలో మెరూన్ రంగు రూబియా జాకెట్టు ఎక్కువగా తొడుక్కునేదాన్ని. అది మా కొట్లోని కొత్త మాలే. కొన్నాళ్లకు చంకల దగ్గర నా తెల్ల బాడీకి ఎర్రటి మరక కనిపించింది. తర్వాత మెడ దగ్గర, భుజాల దగ్గర చర్మం ఎర్రబారింది. ఎవరైనా అయితే ఇంకేదో అనుకునేవారేమో. నేను జాకెట్టు ముక్కలు అమ్ముకునేదాన్ని కాబట్టి నాకు ఒకటే తోచింది. మాలు రంగు దిగుతోంది!

నాకు ఒళ్లు మండిపోయింది. మాకు మాలు పంపే గుంటూరు షావుకారుకు ఫోన్ చేసి, ఊపిరి తిరగని దాన్ని, ఊపిరి తీసుకోకుండా తిట్టాను. "ఒంటికి అంటుకునే రంగు గుడ్డలు పంపిస్తారా? మా పేరేం కావాలి?" అన్నాను. ఆయన పెద్దమనిషి. "అమ్మా, ఆ లాట్ ఊరంతా అమ్మాను, ఒక్క కంప్లైంటు లేదు," అంటాడు. నేను వినను. మా ఆయన చేత ఆ లాట్ మొత్తం ఇంటి మేడ మీదికి మోయించాను. బక్కెట్లలో ఉప్పునీళ్లు పోసి, రంగుకొక బక్కెట్ చొప్పున ముక్కలన్నీ నానబెట్టించాను.

సాయంత్రానికి వెళ్లి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మెరూన్ బక్కెట్లో అడుగు కనిపిస్తోంది. మా ఆయన బక్కెట్ల మధ్య గొంతుక్కూర్చుని, నీళ్ల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"ఏమే, గుడ్డ రంగు దిగట్లేదే. నువ్వే దిగతన్నావు," అన్నాడు.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నా చెయ్యి చూసి, "మొదట్లోనే చెప్పానుగా, ఆ ఎర్ర గొట్టం బిళ్ళకు ఒళ్లు రంగు మారుద్దని," అన్నాడు. చెప్పే ఉంటాడు. వాంతులు, కాళ్ల తిమ్మిర్లు, నిద్ర పట్టకపోవడం అని ఆయన వరసగా చెబుతుంటే నేను వాంతుల దగ్గరే ఆగిపోయాను, మిగతాది చెవిన పడలేదు. ఆ బిళ్ళ చెమటనూ ఎర్రగా చేస్తుందట. మరకలు మెరూన్ రూబియావి కావు, నావే. షావుకారుకు మళ్లీ ఫోన్ చేసి, "మా బోరు నీళ్లలో ఏదో తేడా ఉంది లెండి, మీ మాలు బంగారం," అన్నాను. పాపం ఆయన మా బోరు సంగతి చాలాసేపు విచారించాడు.

ఆ తర్వాత నా రంగు ఆగలేదు. మొదట ఉల్లిపొర. తర్వాత వక్క రంగు. ఎండలు ముదిరేసరికి అటకమీద మరిచిపోయిన పాత బెల్లం రంగు. ఎరుపు, నలుపు, గోధుమ కలిసిన ఆ రంగు మా కొట్లో ఏ రాక్‌లోనూ లేదు. ఉన్నా ఎవరూ కొనరు.

ఇక సలహాలు. శనగపిండి రాయమన్నవాళ్లు, లివర్ చెడిందన్నవాళ్లు, దిష్టి తీయించుకోమన్నవాళ్లు. మేం పుట్టినప్పటి నుంచీ ఈ ఊరి ఎండలోనే ఉన్నా, ఎండకు తిరగొద్దన్నవాళ్లు. దుర్గి నుంచి వచ్చే ఒకావిడ నన్ను తేరిపార చూసి, "మా ఊళ్లో బొమ్మలు చెక్కే రాయి కూడా నీకంటే తెల్లంగుంది గదమ్మా," అంది. ఆవిడతో కలిసి నేనూ నవ్వాను. ఇంటికెళ్లి ఏడ్చాను. అందం పోయిందని ఏడ్చాను, అందులో సిగ్గుపడటానికేం లేదు. నా చేతిని చూస్తే నాకే పరాయి మనిషి చేతిలాగా ఉండేది.

ఆ ఒక్క బిళ్ళ తీసెయ్యమని డాక్టరును బతిమాలాను. ఆయన కోప్పడలేదు. "తీసేస్తే జబ్బు మళ్లీ తలెత్తుద్ది. ఈసారి తలెత్తితే నీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకో మందు ఉంటదో ఉండదో చెప్పలేనమ్మా. రంగంటావా, కోర్సు అయిపోయినాక నెలల మీద నెమ్మదిగా అదే పోద్ది. నువ్వు పోతే రావు," అన్నాడు. డాక్టర్లు అంత సూటిగా మాట్లాడకూడదు గానీ, నాకు ఆ రోజు అలాంటి మాటే కావాల్సి వచ్చింది. బిళ్ళలు మింగుతూనే ఉన్నాను.

కొట్లో మాత్రం కొంతకాలం చెయ్యి చాపడం మానేశాను. నా బదులు మా ఆయన చొక్కా చెయ్యి మడిచి, ఆ వెంట్రుకల ముంజేతి మీద పిస్తా రంగు జాకెట్టు ముక్క వేసుకుని గుమ్మంలో నిలబడితే, ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ పరువు తక్కువ పని చూడలేక మళ్లీ నేనే దిగాను. చెయ్యి మారాక లెక్కలన్నీ మారాయి. లేత గులాబీ వెలవెలబోతోంది. గంధం రంగు, నెమలికంఠం మెరుస్తున్నాయి. బెల్లంకొండ నుంచి వచ్చే కూలీ పెద్దమ్మ ఒకామె, "ఇప్పుడు చూపిచ్చమ్మాయ్. ఇన్నాళ్లూ నీ చేతి మీద బాగుండి నా ఒంటి మీద తేలిపోయేయి. ఇప్పుడు నీదీ నాదీ ఒకటే చెయ్యి," అంది. ఆమె మూడు ముక్కలు కొంటే, నాకు నా చెయ్యి మళ్లీ కొంచెం నాదనిపించింది.

మా అరుగు మీద చీరల అంచులకు ఫాల్స్, పీకో కుట్టే ముస్లిం అక్క ఉంది. మా పెళ్లయిన నాటి నుంచీ ఆమె మెషీను అక్కడే. మధ్యాహ్నం ఆమె క్యారేజీ, మా క్యారేజీ కలిపి విప్పి తినేవాళ్లం. జబ్బు వచ్చాక నేను అది మానేశాను. అంటదని తెలిసినా, ఆమె కంచంలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పలేక రోజుకో సాకు చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసి, గోడ వైపు తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టింది. రంగు మారినందుకంటే ఆ గోడ వైపు తిరిగిన వీపు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మరుసటేడు శివరాత్రికి, కోటప్పకొండ తిరనాళ్లు దగ్గరపడ్డ రోజుల్లో ఒకరోజు కొట్టు కిటకిటలాడుతోంది. రాజుపాలెం నుంచి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. చీర కోడలిది, ఉల్లిపొర రంగు పట్టు. మరిది పెళ్లికట. ఆ పిల్ల చీరను కౌంటర్ మీద పెట్టి, చేతులు మాత్రం కొంగు కిందే ఉంచుకుంది.

"ఫుల్ హ్యాండ్స్‌కి సరిపోయేంత గుడ్డ కావాలక్కా. మణికట్టు దాకా," అంది.

"వచ్చే ఎండల్లోనా? ఉడికిపోతావమ్మా. చెయ్యి ఇటివ్వు, రంగు చూద్దాం," అన్నాను.

ఇవ్వలేదు. అత్తే ఆ చేతిని పట్టుకుని ముందుకు లాగింది. ఆవిడ కసిగా ఏమీ లాగలేదు, దిగులుగా లాగింది. "చూడమ్మా. పెళ్లయినప్పుడు పసుపుముద్దలాగుండేది మా కోడలు. నిమ్ము చేసిందని ఏందో బిళ్ళలు ఏత్తన్నారు. వాటితో ఇట్టా అయిపోయింది. చుట్టాలందరూ అడగతన్నారు. పెళ్లయ్యేదాకా ఆపెయ్యమన్నా, తర్వాత సంగతి తర్వాత."

"రేపట్నుంచి ఆపేత్తాను," అంది ఆ పిల్ల, చీర వంక చూస్తూ.

నేను ఆమె చెయ్యి వంక చూస్తున్నాను. వక్క రంగు. ఎండకు కమిలిన నలుపు కాదు, పుట్టుకతో వచ్చిన నలుపు కాదు. అడుగున ఎరుపు జీర. ఆ రంగు నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను. పైగా నిమ్మట! నేను బజారుకు చెప్పిన అబద్ధం తిరిగి నా కౌంటర్ మీదికే వచ్చి కూర్చుంది.

ఆ పిల్లను పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. ఎక్కడికి పిలుస్తాను? మా కొట్లో పక్కే లేదు. వచ్చిన దారినే వెళ్లిపోతే మళ్లీ కనపడుతుందో లేదో. రేపటి నుంచి ఆపేస్తానంటోంది. డాక్టరు మాట నా చెవిలో మోగుతోంది. చుట్టూ చూస్తే చీరల సంచులతో అంతమంది ఆడవాళ్లు, అందరూ నా ఖాతాదార్లే. కత్తెర పట్టుకుని మా ఆయన. భయం వేసింది. నోరు నాది అని ఇందాక గొప్పగా చెప్పానే, ఆ నోరు ఎండిపోయింది.

నా ముంజెయ్యి తీసి ఆ పిల్ల ముంజెయ్యి పక్కన పెట్టాను. మధ్యలో గుడ్డ లేదు.

"నీదింకా వక్క రంగే. నాది ముదిరి బెల్లమైంది. రెండూ ఒక బిళ్ళవేనమ్మా," అన్నాను. "నాది నిమ్ము కాదు, టీబీ. మామూలు మందులకు లొంగని టీబీ. ఇప్పుడు ఎవరికీ అంటదు. కానీ బిళ్ళ ఆపితే మళ్లీ వచ్చిద్ది, ఈసారి దానికి మందుంటదో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. నువ్వు ఆపబాక."

అరుగు మీద పీకో మెషీను ఆగిపోయింది. మా ఆయన కత్తెర గుడ్డ మధ్యలో నిలిచిపోయింది. ఒకావిడ తన చీర మడత పెట్టుకుని, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని గుమ్మం దిగింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు. మిగతావాళ్లు ఎటు చూడాలో తెలియక రాక్‌ల వంక చూశారు.

అత్త మాత్రం కదల్లేదు. మా రెండు చేతుల మీదికీ వంగి, చాలాసేపు చూసింది. "ఈ రంగు పోయిద్దా?" అంది.

"పోయిద్దంట. బిళ్ళలు మొత్తం అయినాక, నిదానంగా."

"నీది పోయిందా?"

"నాకింకా బిళ్ళలే అయిపోలేదు పిన్నీ. నేనూ మింగతానే ఉన్నా."

నేను గంధం రంగు ముక్క తీసి నా చేతి మీద, తర్వాత ఆ పిల్ల చేతి మీద వేసి గుమ్మంలోకి తీసుకెళ్లాను. వెలుతురులో ఆ పిల్ల తన చెయ్యి తానే కాసేపు చూసుకుంది. మామూలు చేతులకు సరిపడా గుడ్డే కోయించాను, ఫుల్ హ్యాండ్స్‌కి కోయనివ్వలేదు. వెళ్లేటప్పుడు బిళ్ళల సంగతి ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. నాకు ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలియలేదు.

వాళ్లు వెళ్లాక పీకో అక్క లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇన్నాళ్లూ నాతో కూర్చుని తినంది ఇందుకా? నా కూర బాగుండక అనుకున్నానే! నాకన్నా చెప్పకపోతివి, ఏం ఆడదానివే నువ్వు?" అని నన్ను చెడామడా తిట్టింది. ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం అడక్కుండానే తన క్యారేజీ తెచ్చి మా కౌంటర్ మీద విప్పింది. నేను చెయ్యి కడుక్కుని కూర్చున్నాను.

బేరాలు పడిపోయాయి, కాదనను. తిరనాళ్లకు ఏటా వచ్చే కొందరు ఎదుటి వరసలోని కొట్టుకు వెళ్లడం చూస్తూ కూర్చున్నాం. మా ఆయన ఒక్కసారి కూడా "ఎందుకు చెప్పావే?" అనలేదు. కాకపోతే ఖాళీగా ఉండలేక రాక్‌లన్నీ రంగుల వరసలో సర్దాడు. వంకాయ రంగును వక్క రంగులో కలిపాడు. వాటిని విడదియ్యడానికి నాకు వారం పట్టింది. పెళ్లిళ్ల రోజులొచ్చేసరికి ఒకరొకరుగా వెనక్కొచ్చారు. దయ తలచి వచ్చారని నేననుకోను. ఎదుటి కొట్లో రామా గ్రీన్ అడిగితే బాటిల్ గ్రీన్ ఇస్తారు.

ఎండాకాలం చివర్లో నా బిళ్ళలు అయిపోయాయి. పరీక్షలు బాగున్నాయి. రంగు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యని అద్దె మనిషిలాగా, ఇదిగో పోతా, అదిగో పోతా అంటూ కదలలేదు. ఆషాఢం వెళ్లేసరికి మణికట్టు లోపలి వైపు కొంచెం తేలికపడింది. రోజూ గుమ్మంలో నిలబడి చూసుకునేదాన్ని. చూసుకున్నప్పుడల్లా రాజుపాలెం పిల్ల గుర్తొచ్చేది. ఆపేసిందా? మింగుతోందా? ఆపేసి ఉంటే ఈపాటికి దాని చెయ్యి కూడా నాలాగే తేలికపడుతూ ఉండాలి. పెళ్లినాటికే తెల్లబడి ఉండదు గానీ, ఆపేస్తే ఎప్పటికైనా తెల్లబడుతుంది. అది తలచుకుంటే నాకు భయమేసేది.

శ్రావణమాసం రద్దీలో ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లు వచ్చారు. ఆ పిల్ల కొంచెం ఒళ్లు చేసింది. నేను పలకరింపులు కూడా మరచిపోయి కౌంటర్ దాటి బయటికొచ్చాను. కొంగు కింద ఉన్న ఆ చేతిని పట్టుకుని గుమ్మంలోకి, వెలుతురులోకి లాక్కొచ్చాను. వెనక ఎవరో "నా చీర సంగతి చూడమ్మా," అంటున్నారు. చూడలేదు.

చెయ్యి తిప్పి చూశాను. మోచెయ్యి చూశాను. వేళ్ల కణుపులు చూశాను. పక్కన నా చెయ్యి పెట్టాను. నాది వక్క రంగుకు దిగుతోంది. ఆ పిల్లది ముదిరింది. అచ్చమైన పాత బెల్లం.

"చానా నల్లంగా అయ్యాను గదక్కా?" అంది.

"అయ్యావమ్మా, చానా నల్లంగా అయ్యావు," అన్నాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. ఆ చెయ్యి మాత్రం వదలబుద్ధి కాలేదు.